నురగ

బెంగుళూరా కాయల కాలం వస్తే
చిత్తూరు పెద్దాసుపత్రిలో నా డ్రెస్సింగ్ గదికి
మామిడి సొన వాసన ముందొస్తుంది,
వెనకాల తెగిన వేళ్ళు.

గుజ్జు ఫ్యాక్టరీలో రాత్రి షిఫ్టు దిగి
దేశమ్మ వచ్చింది, ఎడమ బొటనవేలు కొంగులో మూటగట్టి.
కత్తి టెంకను తప్పించుకుని
ఎముక దగ్గర ఆగింది.
కొంగు విప్పితే పండు ఏదో నెత్తురు ఏదో తెలీదు.

గోధుమరంగు సీసా వంచాను. సర్రుమంది.
"ఏందిమా ఇది, పాలు పొంగినట్టు పొంగతా ఉండాదే!"
ఇరవయ్యారేళ్ళుగా ఇదే ప్రశ్న,
ఇరవయ్యారేళ్ళుగా ఒకటే జవాబు:
మురికి పోతా ఉండాదిలే, కదలాకు.

సగం అబద్ధం.
పొంగేది మురికి కాదని
ల్యాబు మునిరత్నం ఒక మధ్యాహ్నం
క్యాంటీన్ నుంచి ఉర్లగడ్డ తెచ్చి చూపించాడు.
పచ్చి ముక్క మీద చుక్క వేస్తే నురగ.
ఉడికిన ముక్క మీద వేస్తే
ఉలుకూ లేదు, పలుకూ లేదు.
"కణంలో ఒక కూలిమనిషి ఉంటుందక్కా, కాటలేజ్ అని.
పెరాక్సైడ్‌ని నీళ్ళుగా, గాలిగా విడగొడుతుంది.
సెకనుకి లక్షలసార్లు.
పీసు రేటు కట్టి ఇవ్వాలంటే
ఏ ఫ్యాక్టరీ అయినా మూసుకోవాల్సిందే."

ఒకప్పుడు గాలిలో ఆక్సిజన్ లేదట.
ఎండ తాగి బతికే ఏదో నాచు
దాన్ని ఎంగిలిలా ఉమ్మిందట.
సముద్రంలో ఇనుమంతా తుప్పుపట్టి అడుగున కూర్చుందట.
చాలా ప్రాణాలు మాడిపోయాయి.
కొన్ని బురదలో దూరి ఇప్పటికీ బయటికి రాలేదు.
కుళ్ళిన పుండు లోతుల్లో అప్పుడప్పుడు
వాటి మునిమనవళ్ళు తగులుతుంటారు,
వాసనతోనే పోల్చుకుంటాను.

కొన్ని మాత్రం ఆ నిప్పునే ఒడిలో కట్టుకున్నాయి.
ఒడి కాలకుండా నేర్వడానికి
ఎన్ని కోట్ల ఏళ్ళు పట్టిందో.
ఆ ఇనుమే చిటికెడు తీసి
కాటలేజ్ గుండెలో పొదుక్కున్నాయి.
దేశమ్మ కత్తిలో ఇనుము, దేశమ్మ నెత్తుట్లో ఇనుము,
మధ్యలో నేను, దూదితో.

దానికి ముందు వరసలో ఇంకొకటి ఉందన్నాడు మునిరత్నం,
పేరు పలకబోయి రెండుసార్లు తడబడ్డాడు,
సూపర్ ఆక్సైడ్ డిస్మ్యుటేజ్.
ఊపిరి తీస్తే లోపల రేగే రవ్వను పట్టి
పెరాక్సైడ్ చేసి కాటలేజ్ చేతిలో పెడుతుందట,
తెల్లారి ఆరింటికి మేం డ్యూటీ అప్పగించినట్టు.
రిజిస్టరు లేదు, సంతకం లేదు.
మామిడాకులో అదే, కాయలో అదే,
కాయ మీద ముసిరే ఈగలో అదే.
అన్నీ ఆర్పేయడం కూడా ఒప్పు కాదట.
నెత్తుట్లో తెల్ల కణాలు కావాలనే కాస్త విషం కాచి
క్రిముల మీద పోస్తాయి.
నాకైతే సీసా కావాలి.

మొన్న కొత్తగా వచ్చిన డాక్టరమ్మ అంది:
"పెరాక్సైడ్ ఆపేయండి సిస్టర్,
మొలిచే చర్మం కూడా కాలిపోతుంది. సెలైన్ చాలు."
వాదించలేదు. ఇండెంటులో ఆ వరస కొట్టేశాను.
మూడోనాడు దేశమ్మ కట్టు మార్చుకోవడానికొచ్చి
వేలు చాచి ఎదురుచూసింది.
"ఏంమా, ఈపొద్దు పొంగలేదే? మందు మంచిది కాదా?"
ఏం చెప్పను.
"లోపల పొంగతానే ఉండాదిలే" అన్నాను.
ఇది అబద్ధం కాదనుకుంటా.

ఇంటికొచ్చి అద్దంలో పాపిట చూసుకున్నాను.
వెంట్రుక మొదట్లో కాటలేజ్ తగ్గితే
పెరాక్సైడ్ పేరుకుని నలుపును కడిగేస్తుందట.
ఊరందరి మీదా పోసింది
నాలో చుక్క చుక్కగా ఊరుతోందన్న మాట.
కూతురు కొన్న రంగు డబ్బా వెనక
కళ్ళజోడు పెట్టుకుని చదివితే
అందులోనూ అదే!
ఒక్కదాన్నే నవ్వుకున్నాను.

పొయ్యి మీద ఉర్లగడ్డలు ఉడుకుతున్నాయి.
ఒక్క ముక్క మాత్రం
పచ్చిగా పక్కన పెట్టాను, ఎందుకో.